తాళాల గుత్తి కొలువు... సంఘంలో చేరేదా, వద్దా?

తెల్లవారుజామున ఆలేరు స్టేషన్‌కి వెళ్ళి చూడండి. సికింద్రాబాదు వైపు రైలు కోసం ఎదురుచూసే వాళ్ళలో సగం మంది చేతుల్లో టిఫిన్ డబ్బాలే కనిపిస్తాయి. కాలేజీ పిల్లలు, ఆఫీసుల వాళ్ళు, ఆస్పత్రుల్లో ఆయాలు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు... వాళ్ళ మధ్యే మా వీధి అమ్మాయి కూడా నిలబడుతుంది. భుజానికి బ్యాగు, అందులో ఇస్త్రీ నలగకుండా మడిచి పెట్టుకున్న ఖాకీ యూనిఫాం. ఎవరైనా "ఏం కొలువమ్మా?" అనడిగితే "గవర్నమెంటే" అని ఊరుకుంటుంది. ఇంకా గుచ్చి అడిగితేనే "జైళ్ళ" అంటుంది.

ఒకసారి రైల్లో పక్కనే కూర్చున్న ముసలమ్మ ఆ మాట విని గుండెల మీద చెయ్యేసుకుందట. "అయ్యో బిడ్డా, ఏం జేసి పోయినవ్ జైలుకు?" అని!

ఆ సంగతి చెప్పి తనే నవ్వింది. "నేను ఖైదీని కాదవ్వా, వార్డర్ను అని చెప్పేసరికి భువనగిరి వచ్చింది అక్కా."

జైలు అనగానే మనకి ఖైదీలు గుర్తొస్తారు. సినిమాల్లో అయితే లాఠీ ఊపుతూ తిరిగే జైలరు గుర్తొస్తాడు. కానీ పొద్దున తలుపు తాళం తీసి, తలలు లెక్కబెట్టి, సాయంత్రం మళ్ళీ లెక్కబెట్టి తాళం వేసే మనిషికి ఇల్లుంటుందనీ, పాలవాడి బాకీ ఉంటుందనీ, ఫస్టు తారీఖు కోసం ఆమే ఎదురుచూస్తుందనీ ఎంతమందికి తోస్తుంది?

2023 చివర్లో ఓ ఆదివారం ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. "అక్కా, సంఘపోళ్ళు రసీదు బుక్కు వట్టుకొని వచ్చిన్రు. మెంబర్షిప్ తీసుకొమ్మంటున్రు. ఇంట్ల వద్దంటున్రు. ఏం జెయ్యాలె?"

ఉద్యోగ నియమాలున్నాయి కాబట్టి ఆమె పేరుగానీ, పనిచేసే జైలు పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. కానీ ఆమె అడిగిన ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. ఆస్పత్రిలో నర్సు, స్కూల్లో టీచరు, ఆర్టీసీలో కండక్టరు... కొత్తగా కొలువులో చేరిన ప్రతి ఆడపిల్లకీ ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్నే.

జీతం దానంతటది పెరుగుతుందా?

ఇంట్లో వాళ్ళ వాదన ఏమిటంటే, సర్కారు కొలువులో జీతం ఎలాగూ పెరుగుతుంది, మధ్యలో సంఘమెందుకు? ఏటా ఇంక్రిమెంటు, అప్పుడప్పుడు డి.ఏ., కొన్నేళ్ళకోసారి పీఆర్సీ. ఎవరో ఒకరు కొట్లాడతారు, వచ్చేది అందరికీ వస్తుంది.

ఈ మాటలో కొంత నిజముంది. కానీ ఆ "ఎవరో ఒకరు" ఏం చేశారో ఓసారి చూడండి. తెలంగాణ వచ్చాక వేసిన మొదటి పీఆర్సీకి సి.ఆర్. బిశ్వాల్ అధ్యక్షుడు. 2018లో వేశారు, 2021 జనవరిలో నివేదిక బయటికొచ్చింది. కనీస మూల వేతనం 13,000 నుంచి 19,000 చేయమన్నది కానీ, ఫిట్‌మెంట్ మాత్రం 7.5 శాతం చాలన్నది! ఉద్యోగ సంఘాలు భగ్గుమన్నాయి. ధర్నాలు, చర్చలు, విన్నపాలు. చివరికి ఆ ఏడాది మార్చి 22న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు శాసనసభలో 30 శాతం ప్రకటించారు.

శాతాలంటే మనకి విసుగు. రూపాయల్లో చూద్దాం. పాత మూల వేతనం 20,000 ఉన్న ఉద్యోగిని ఉందనుకోండి. అప్పటి డి.ఏ. 30.392 శాతం కలిపి, 7.5 శాతం ఫిట్‌మెంట్ ఇస్తే కొత్త మూల వేతనం దాదాపు 27,578 అవుతుంది. 30 శాతం ఇస్తే 32,078. తేడా నెలకు 4,500 రూపాయలు! ఆలేరులో ఓ మోస్తరు ఇంటి అద్దె. పైగా అది మూల వేతనంలో కలిసిపోతుంది గనక, దాని మీద వచ్చే డి.ఏ., ఇంటద్దె అలవెన్సు అన్నీ కదులుతాయి.

అంతకు ముందూ ఇదే కథ. పి.కె. అగర్వాల్ కమిషన్ 29 శాతం చెబితే, 2015 ఫిబ్రవరిలో ప్రభుత్వం 43 శాతం ఇచ్చింది. కమిషన్ చెప్పిందానికీ చేతికొచ్చినదానికీ మధ్య ఉన్న ఆ 14 శాతం ఆకాశం నుంచి ఊడిపడలేదు. తెలంగాణ ఎన్జీవోల సంఘం లాంటివి ఎన్నేళ్ళుగా గొంతు చించుకుంటే వచ్చింది. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మెలో జీతాలు లేకుండా కూర్చున్న ఇళ్ళు మన వీధుల్లో లేవా? దసరా పండగకి కొత్త బట్టలు కొనని ఏడాది అది.

ఫిట్‌మెంట్ అందరికీ ఒకటే. కానీ ఏ పోస్టుకి ఏ స్కేలు, ఏ డ్యూటీకి ఏ అలవెన్సు అన్నది మాత్రం శాఖ శాఖకీ వేరు. కమిషన్ వేయగానే సంఘాల నుంచి మెమొరాండాలు అడుగుతుంది. పిలిచి కూర్చోబెట్టి వింటుంది. ఆ కాగితంలో మన పోస్టు సంగతి రాసి ఉంటేనే దాని మీద మాట జరుగుతుంది. రాయకపోతే... అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా!

గోడ లోపల పని

ఆమెది 2018 నోటిఫికేషన్. కానిస్టేబుల్ పరీక్ష రాసిన వాళ్ళలోంచే వార్డర్లనూ తీసుకుంటారు. పోలీసు నియామక మండలి ఒకటే, దరఖాస్తు ఒకటే. ఆడవాళ్ళకు పోస్టులు ఎన్నో తెలుసా? 2022 నోటిఫికేషన్నే చూడండి. వార్డర్ పోస్టులు మగవాళ్ళకు 136, ఆడవాళ్ళకు 10.

పది! పెళ్ళి పందిట్లో ఓ బల్ల వరస కూడా నిండదు.

ఈ అంకె వెనకున్న ఇబ్బంది మనలాంటి వాళ్ళకి వెంటనే తట్టదు. ఆడ ఖైదీల బ్యారక్‌లో ఆడ సిబ్బందే ఉండాలి. ములాఖత్‌కొచ్చే ఆడవాళ్ళని తనిఖీ చేయాల్సిందీ వాళ్ళే. రాత్రి ఎవరికైనా నొప్పులొస్తే లేచేదీ వాళ్ళే. మగవాళ్ళ వైపు ఒకరు సెలవు పెడితే పక్కవాళ్ళు సర్దుకుంటారు. ఇటు ఒకరు సెలవు పెడితే ఆ డ్యూటీ నేరుగా రెండోదాని నెత్తిన పడుతుంది. "నాకు జ్వరమొస్తే నా దోస్తు పిల్లగానికి అన్నం వెట్టేటోళ్ళు ఉండరక్కా" అందామె. దీనికంటే వివరంగా ఏ రిపోర్టూ చెప్పలేదేమో.

రిపోర్టులు మాత్రం తక్కువేం లేవు. జస్టిస్ ఎ.ఎన్. ముల్లా అధ్యక్షతన 1980లో కేంద్రం జైళ్ళ సంస్కరణల కమిటీ వేసింది. 1983లో నివేదిక ఇచ్చింది. జైలు సిబ్బంది జీతాలు పోలీసులతో సమానంగా ఉండాలని అందులోనే రాశారు. మన అమ్మాయి అప్పటికి పుట్టనే లేదు! ఆరుగురు ఖైదీలకు ఒక గార్డు ఉండాలన్నది జైళ్ళకు చెప్పే లెక్క. 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్‌లోనూ ఉంది. ఖాళీలూ, కిక్కిరిసిన బ్యారక్‌లూ చూసి 2018లో సుప్రీంకోర్టు జస్టిస్ అమితావ రాయ్ కమిటీని కూడా వేసింది. అయితే జైళ్ళు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోవి. ఢిల్లీలో ఎంత మంచి పుస్తకం అచ్చయినా జీతం లెక్క తేలేది హైదరాబాదులోనే. అందుకే అడిగే గొంతు కూడా ఇక్కడే ఉండాలి.

ఇంకో ముచ్చట. ఆమెకు నాలుగేళ్ళ పాప. ఇక్కడే, ఆలేరులో నానమ్మ దగ్గర పెరుగుతోంది. ఖైదీ తల్లి వెంట ఆరేళ్ళ లోపు పిల్లలు జైల్లో ఉండొచ్చు. ఆ పిల్లల కోసం క్రెష్, నర్సరీ పెట్టాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసు అది, మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందే. మంచి తీర్పు. ఏ తల్లీ కాదనదు. "ఆళ్ళ పిల్లలను ఎత్తుకొని ఆడిపిస్త అక్కా. ఒక్కోసారి మా పాప యాదికొస్తది" అని ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. డ్యూటీలో ఉన్న వార్డరమ్మ బిడ్డకి క్రెష్ ఏదీ అని అడగడం ఖైదీ బిడ్డ నోటి దగ్గరది లాక్కోవడం కాదు కదా!

'సోదర' సంఘం

అమెరికాలో పోలీసులూ, జైలు ఉద్యోగులూ తమ సంఘాలను యూనియన్ అనకుండా సోదర సంఘాలంటూ ఉంటారు. దీని వెనక ఓ కథుంది. 1915లో పిట్స్‌బర్గ్‌లో మార్టిన్ టూల్, డెల్బర్ట్ నేగల్ అనే ఇద్దరు కానిస్టేబుళ్ళు మొదలుపెట్టారు. మొత్తం 23 మంది. యూనియన్ అంటే పైవాళ్ళు మండిపడతారని 'ఫ్రటర్నల్ ఆర్డర్ ఆఫ్ పోలీస్' అని పేరు పెట్టుకున్నారు. అన్నదమ్ముల కూటమి అన్నట్టు. పేరు మెత్తగా ఉన్నా అడిగింది జీతమూ, పని గంటలే.

కాలిఫోర్నియా జైలు ఉద్యోగుల సంఘమైతే ఇంకా పెద్ద కథ. 1957లో పుట్టింది. 1980లో డాన్ నోవీ అనే గార్డు అధ్యక్షుడయ్యాక రాష్ట్ర రాజకీయాలనే ఆడించే స్థాయికి వెళ్ళింది. జీతాలు బ్రహ్మాండంగా పెరిగాయి. కానీ ఆ సంఘం కఠిన శిక్షల చట్టాలనూ సమర్థించింది, 1994 నాటి 'మూడు తప్పుల' చట్టంతో సహా. ఖైదీలు పెరిగితే జైళ్ళు పెరుగుతాయి, జైళ్ళు పెరిగితే కొలువులు పెరుగుతాయి! ఇది నాకు నచ్చలేదు. పక్కింటి వాళ్ళ కష్టం మీద మన వంట ఉడకడం ఎక్కడి న్యాయం? వార్డరుకు మంచి జీతం కావాలి, ఎక్కువమంది ఖైదీలు కాదు. ఆ తేడా తెలిసిన సంఘమే నాకు కావాలి.

తొందరపాటుకూ ఉదాహరణ ఉంది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో జైలు గార్డులు తమ యూనియన్ అనుమతి కూడా లేకుండా సమ్మెకు దిగారు. సిబ్బంది చాలరు, డ్యూటీ మీద డ్యూటీ వేస్తున్నారన్నది వాళ్ళ మొర. అబద్ధమేమీ కాదు. మూడు వారాలు సాగింది. చివరికి రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అసలే తక్కువున్న సిబ్బంది ఇంకా తక్కువయ్యారు.

అంత దూరమెందుకు? 2003లో పక్కనున్న తమిళనాడులో సమ్మె చేసిన ప్రభుత్వ ఉద్యోగులను సుమారు 1.7 లక్షల మందిని ఒక్క దెబ్బకి తీసేశారు. ఆ గొడవలోనే, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు అన్నది.

భయం ఎంత, నిజమెంత?

ఆమె భర్త భయమూ ఇదే. "కొత్త కొలువు. ఎవల కండ్లల్ల వడకు. ఆదిలాబాదుకు ఏస్తే ఏం జేస్తవ్?" ఆయనది డ్రైవరు పని. నెల నెలా చేతికొచ్చేది ఇంతని చెప్పలేని సంపాదన. ఆ ఇంటికి నిలకడైన జీతం ఆమెది ఒక్కటే. భయపడ్డాడంటే తప్పు పట్టలేం.

అయితే సంఘంలో చేరడమూ, సమ్మె చేయడమూ ఒకటి కాదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. సమ్మె మాత్రం ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో నిషిద్ధం. 1964లో చేసిన ఆ నియమాలే మనకింకా ఆధారం. పోలీసులకైతే 1966లో కేంద్రం ప్రత్యేకంగా ఓ చట్టం చేసి, అనుమతి లేనిదే యూనియన్లలో చేరకూడదన్నది. జైళ్ళ శాఖ హోం శాఖ కిందే ఉన్నా పోలీసు శాఖ కాదు. కేరళలో జైలు సబార్డినేట్ ఆఫీసర్లకు వాళ్ళ సంఘం ఉంది కూడా.

ఓ పాత కేసు చెబితే ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని వింది. బొంబాయిలో జోసెఫ్ అని అకౌంట్స్ ఆఫీసు ఉద్యోగి. ఆయన సంఘానికి సర్కారు గుర్తింపు తీసేసింది. అయినా ఆయన సభ్యత్వం వదల్లేదు. ఛార్జిషీటు ఇచ్చారు. 1962లో సుప్రీంకోర్టు ఏమన్నదంటే... గుర్తింపు లేని సంఘంలో ఉన్నాడన్న ఒక్క కారణానికి ఉద్యోగిని దండించే నియమం చెల్లదు అని. గుర్తింపు ఉంటే మాత్రం లాభమే. పైవాళ్ళు పిలిచి మాట్లాడేది గుర్తింపు ఉన్న వాళ్ళతోనే.

బదిలీ మాటకొస్తే, సంఘంలో చేరకపోతే బదిలీలు ఉండవా ఏమిటి? వరంగల్ సెంట్రల్ జైలునే చూడండి. ఆ జైలు తివాచీలకు ఎంత పేరు! 2021లో ఆస్పత్రి కట్టడానికని ఖైదీలను వేరే జైళ్ళకు పంపి గోడలతో సహా కూల్చేశారు. ఖైదీలతోపాటు సిబ్బందీ తట్టా బుట్టా సర్దుకోవాల్సిందే. కొలువు ఉంది, జైలే లేదు! అట్లాంటి రోజున పిల్లల స్కూలు సంగతి అడగాలన్నా, క్వార్టరు సంగతి అడగాలన్నా ఒక్కరు పోయి అడగడం వేరు, సంఘం తరఫున అడగడం వేరు.

మామ చెప్పిన నూలు లెక్క

వాళ్ళింట్లో పంచాయితీ నాలుగు రోజులు నడిచింది. అత్తమ్మకి వేరే భయం. "మొగోళ్ళ మీటింగులల్ల ఆడిపిల్ల ఏం గూసుంటది?" చివరికి తేల్చింది మామ. మగ్గం మీద కూర్చునే మనిషి, మాట తక్కువ.

"బిడ్డా, నూలు ఒక్కొక్కలం కొనవోతే షావుకారి ఏం జెప్తే గదే రేటు. సొసైటీ కొంటే బేరం ఉంటది. గంతే. కాని ఒక్కటి యాదికి వెట్టుకో. సొసైటీల షేరు గట్టి ఇంట్ల గూసుంటే సొసైటీ నీది గాదు. మీటింగుకు వొయ్యి లెక్క అడగాలె."

ఇక నేను చెప్పాల్సింది ఏముంది?

అయినా చెప్పాను. రసీదు తీసుకునే ముందు అడగమన్నాను... సంఘానికి గుర్తింపు ఉందా, డబ్బు లెక్క ఎవరు రాస్తారు, ఎన్నికలు ఎప్పుడు జరిగాయి, కార్యవర్గంలో ఆడవాళ్ళు ఎంతమంది? జీతంలో కోతకి సంతకం పెట్టే ముందు ఎంత కోత, ఎప్పుడు ఆపుకోవచ్చు అని చదవమన్నాను. పత్రికలకీ టీవీలకీ తనంతట తాను మాట్లాడొద్దన్నాను. అది సంఘం పెద్దల పని, వాళ్ళకా తడాఖా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పీఆర్సీకి ఇచ్చే మెమొరాండం కాగితం ఒకసారి చూపించమని అడగమన్నాను.

ఆ అక్టోబరులోనే ఎన్. శివశంకర్ అధ్యక్షతన రెండో పీఆర్సీ వేశారు, 5 శాతం మధ్యంతర భృతి ప్రకటించారు. అన్ని శాఖల సంఘాలూ కాగితాలు తయారుచేసుకునే కాలం.

చూపించారట. పోలీసులతో సమాన స్కేలు ఉంది. వారాంతపు సెలవు ఉంది. యూనిఫాం, రిస్కు అలవెన్సులు ఉన్నాయి. బాగా రాశారు, కష్టపడి రాశారు. కానీ పేజీలన్నీ తిరగేస్తే ఆడవాళ్ళ మాట ఒక్క లైను కూడా లేదు! కోపంతో కాదు, వాళ్ళకి తట్టనే లేదు. అన్నదమ్ముల సంఘం కదా. అడిగే ఆడది గదిలో లేకపోతే ఎలా తడుతుంది?

"మరి మీరు చెప్పలేదు కదమ్మా" అన్నాడట రసీదు బుక్కు పట్టుకున్న హెడ్ వార్డరు. ఆ మాట నిజమే మరి.

అంగన్‌వాడీ అక్కలు గుర్తొచ్చారు నాకు. ఆ డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు సమ్మెకు దిగారు. ఎస్మా పెట్టినా లేవలేదు. 42 రోజులు కూర్చున్నారు. వాళ్ళు లక్ష మంది ఆడవాళ్ళు. మా వార్డరమ్మలు నోటిఫికేషన్‌కి పదిమంది. రోడ్డు మీద కూర్చుంటే ఎవరికీ కనబడరు. కాబట్టి వాళ్ళ బలం తలల్లో లేదు, కాగితంలో ఉండాలి.

ఆమె సభ్యత్వం తీసుకుంది. తనతో పనిచేసే ఇంకో ముగ్గురిని కూడా కూర్చోబెట్టి నాలుగు లైన్లు రాయించింది. ఆడ సిబ్బంది సెలవులో ఉంటే వేసేందుకు రిలీవరు పోస్టులు. రాత్రి డ్యూటీ దిగే వాళ్ళకి బండి. బట్టలు మార్చుకునే గది. క్రెష్. వీటిలో ఒకటి రెండు పీఆర్సీ పరిధిలోకి రావు, శాఖకే విడిగా ఇవ్వాలని సంఘం వాళ్ళు చెబితే అవి వేరే కాగితం మీద రాశారు. క్రెష్ సంగతి తీసేద్దామన్నాడట ఒకాయన. శిశు సంరక్షణ సెలవు మూడు నెలలు 2016లోనే ఇచ్చారుగా అని. "మూడు నెలల్ల పిల్ల పెద్దగైతదా సార్?" అన్నదట ఈమె. లైను ఉండిపోయింది.

మొన్న కలిసినప్పుడు ఆ కాగితం నకలు చూపించింది. బీరువాలో, పాప పుట్టిన సర్టిఫికెట్టు పెట్టిన ప్లాస్టిక్ కవర్లోనే దాన్నీ పెట్టింది, సంఘం రసీదుతో సహా. పక్కన నిలబడ్డ భర్త "మీటింగు ఆదివారమట, పాపను నేనే సూస్కోవాలె" అని గొణిగాడు. అత్తమ్మ అప్పటికే టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది.